చింతపిక్కలు, గుడ్ల అట్టలు: కూడిక కిట్టు ప్రాజెక్టు డైరీ

జూన్: సరుకు

ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో కూర్చునే ప్రాథమిక పాఠశాల. 24 మందికి సరిపడే కూడిక కిట్టు తయారు చేయాలి. షరతులు రెండే. కొనేది దాదాపు ఉండకూడదు, పాడైతే ఊళ్లోనే మళ్లీ చేసుకోగలగాలి. సంక్రాంతి సెలవుల లోపు ఒకటో తరగతి వాళ్లు 20 లోపు కూడికలు వేళ్లు చూసుకోకుండా చెప్పాలి. రెండో తరగతి వాళ్లు ఒకటి చేతిలో పెట్టుకునే రెండంకెల లెక్కలు చేయాలి.

మూడో తరగతి దాటేసరికి ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు రావాలని 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ 2026-27ను గడువుగా పెట్టుకుంది. తెలంగాణలో ఇలాంటి లక్ష్యంతోనే 2022 ఆగస్టులో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. లక్ష్యాలతో పేచీ లేదు. తరగతి గదిలో తిరగబడేది వరస. నిలువు లెక్క పలక మీదికి ముందొచ్చేస్తుంది, పది అంటే ఏమిటో పిల్లకి ఆ తర్వాతెప్పుడో తెలుస్తుంది. అందుకే ఈ కిట్టులో దసరా దాకా నిలువు లెక్క లేదు.

చింతపిక్కలు మనిషికి 20 చొప్పున 480, పోయేవాటితో కలిపి 600 తీసుకున్నాం. చింతపండు కొట్టి పిక్క తీసే ఇళ్లలో అడిగితే సంచీడు ఊరికే ఇస్తారు. గుజ్జు అంటుకున్న పిక్కల్ని అలాగే డబ్బాలో పోస్తే ముందు చీమలు, తర్వాత పుచ్చు. గబగబా కడిగి, గుడ్డతో తుడిచి, రెండు ఎండలు బాగా తగలనిస్తే చాలు. నానబెట్టడం మాత్రం వద్దు. తొక్క ఉబ్బి పగులుతుంది, పిక్క రెండు బద్దలవుతుంది.

తర్వాత ప్రతి పిక్కనూ ఒక వైపు అరగదీయాలి, అష్టాచెమ్మాకి చేసినట్టే. గరుకు గచ్చు మీద గానీ 80 నంబరు గరుకు కాగితం మీద గానీ రుద్దితే గోధుమరంగు తొక్క పోయి లోపలి తెలుపు బయటపడుతుంది. తెలుపు కనిపించగానే ఆపాలి. ఇంకా రుద్దితే పిక్క పలచబడి ఒక పక్కకే వాలే అలవాటు పడుతుంది, ఆటలో ఎప్పుడూ ఒకే రంగు పడుతుంది. రెండు రంగుల ప్లాస్టిక్ బిళ్లలు బజారులో దొరుకుతాయి గానీ అవి చేసే పని ఈ పిక్క కూడా చేస్తుంది. జాగ్రత్త ఒకటుంది. అంగన్‌వాడీ వయసు పిల్లలు అదే గదిలోకి వచ్చే చోట పిక్కలు వద్దు, ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు. అక్కడ కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్ మూతలు వాడాలి, లోపలి వైపు రంగు వేస్తే సరిపోతుంది.

మధ్యాహ్న భోజనం గుడ్లు వచ్చే అట్టలు 16 కావాలి. ఒక్కో అట్టలో 5 వరసలు, వరసకు 6 గుంటలు, మొత్తం 30. రెండేసి గుంటల వెడల్పున నిలువునా కోస్తే మూడు ముక్కలు వస్తాయి, ఒక్కో ముక్కలో సరిగ్గా పది గుంటలు, అయిదుకు అయిదు పక్కపక్కనే. మనిషికి రెండు ముక్కలు, 48. కత్తెరతో కోస్తే అంచులు నలుగుతాయి, కూరగాయల కత్తి మేలు. వానాకాలం అట్ట చెమ్మ పీల్చి మెత్తబడుతుంది కాబట్టి రెండు వైపులా ఒక పూత పెయింటు వేసి ఆరబెట్టాం. పగిలిన గుడ్డు అంటుకున్న అట్ట తీసుకోకూడదు, కడిగినా శుభ్రం కాదు.

కొబ్బరి ఈనెల పుల్లలు 10 సెంటీమీటర్లవి. ఇవి ఇద్దరికి కలిపి ఒక సెట్టు: పదేసి పుల్లల కట్టలు 9, విడి పుల్లలు 20. రెండంకెల సంఖ్యల్లో ఒకట్లు కలిపితే ఎంత పెద్దదైనా 9 + 9 = 18, కాబట్టి విడివి 20 ఉంటే ఏ లెక్కకూ కొదవ రాదు. 12 సెట్లకు 1,320 పుల్లలు, నాలుగు కొబ్బరి చీపుర్లు పట్టాయి. ఈనె మొదలు వైపు ముక్కలే కోయాలి, కొసలు విరిగిపోతాయి. కట్టలకు మామూలు రబ్బరు బ్యాండ్లు ఎండాకాలం దాటవు, జిగురై పుల్లలకు అంటుకుంటాయి. పాత సైకిలు ట్యూబును 4 మిల్లీమీటర్ల వెడల్పు రింగులుగా కోసి రెండు చుట్లు తిప్పితే బిగువుగా ఉంటుంది. పంక్చర్ షాపులో ఊరికే ఇచ్చారు.

జూలై: పది పిక్కల ఆట

కూడిక గుర్తు ఇంకా బోర్డు మీదికి రాలేదు. ముందు 5, తర్వాత 7, ఆ తర్వాత 10 పిక్కలు. గుప్పిట్లో ఆడించి నేల మీద వేయాలి. ఎన్ని తెలుపు, ఎన్ని నలుపు? పలక మీద రెండు గళ్లు గీసి రాసుకోవాలి: 6, 4. మళ్లీ వేయాలి: 5, 5. ఎలా పడినా కలిపితే పదే. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే రాసిన వరసలు చూసి పిల్లలు పట్టుకోవాలి, ఆటలోని అసలు పని అదే.

ఇందులో ఒక లోటు ఉంది. సమంగా అరగదీసిన పది పిక్కలు వేస్తే మూడింట రెండుసార్లు 4, 5, 6 తెలుపులే పడతాయి. పదీ ఒకే రంగు పడటం చాలా అరుదు, 9కి 1 కూడా ఎప్పుడో గానీ రాదు. ఆట మీదే వదిలేస్తే పిల్లలకు 6, 4 జత నోటికొస్తుంది గానీ 9, 1 జతా 8, 2 జతా వెనకబడతాయి. తర్వాత పది దాటే లెక్కలన్నిటికీ ఎక్కువగా కావలసింది ఈ రెండు జతలే. ఆ ఖాళీ పూడ్చడానికి చిప్ప ఆట పెట్టాం. పది పిక్కలు ముందు లెక్కపెట్టించి, కొన్నింటి మీద కొబ్బరి చిప్ప బోర్లించాలి.

"బయట ఎన్నున్నాయి రా?"

"ఎనిమిది టీచర్."

"మరి చిప్ప కింద?"

ఇక్కడ చూడాల్సింది జవాబు కాదు, జవాబుకు ముందు పిల్ల కళ్లు ఎటు వెళ్తాయన్నది. చిప్ప వైపు చూస్తూ పెదాలు కదిపి "తొమ్మిది, పది" అని రెండు వేళ్లు ముడిస్తే లెక్క నడుస్తోందని అర్థం. వెంటనే "రెండు" అంటే జత నాటుకుంది. ఏదో ఒక అంకె గాల్లోకి విసిరితే పది ఇంకా పట్టుబడలేదు, ఆ పిల్లని 5 పిక్కలకు వెనక్కి తీసుకెళ్లాలి. 5 గట్టిపడకుండా 10 గట్టిపడదు.

గుడ్ల అట్ట ముక్కతో కూడా ఇదే. ఏడు గుంటల్లో పిక్కలు పెడితే పై వరస నిండి కింద రెండు, ఖాళీ మూడు. ఏడుని "అయిదూ రెండూ"గా, "పదికి మూడు తక్కువ"గా ఒకే చూపులో చూడటం అలవాటవుతుంది. పిక్కలు చెల్లాచెదురుగా పెట్టనివ్వకూడదు. పై వరస ఎడమ నుంచి నింపుకుంటూ రావాలి, లేకపోతే ఈ అట్టకూ ఉత్త నేలకూ తేడా లేదు.

ఆగస్టు: మనసులో ఏడు, వేళ్ల మీద అయిదు

ప్రతి ఇంట్లో నేర్పే పద్ధతే ఇది: పెద్ద సంఖ్య మనసులో, చిన్న సంఖ్య వేళ్ల మీద. 7 + 5కి "ఏడు తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు". పద్ధతి మంచిదే, మానిపించాల్సిన పని లేదు. కాకపోతే తరగతిలో సగం మంది దీన్ని తప్పుగా చేస్తారు, తప్పు కూడా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: జవాబు ఒకటి తక్కువ వస్తుంది. 7 + 5 = 11. ఎందుకంటే మొదటి వేలు ముడుస్తూ "ఏడు" అంటారు. మనసులో పెట్టుకున్న ఏడునే మళ్లీ లెక్కలోకి తెస్తారు. ఇంకొందరు రెండు సంఖ్యలనీ ఒకటి నుంచి లెక్కపెడతారు. జవాబు సరిగ్గానే వస్తుంది గానీ 9 + 8కి పది వేళ్లు చాలవు, అక్కడ ఆగిపోతారు.

మొదటి తప్పుకి మందు: "ఏడు" అంటూ గుండె మీద అరచేయి తట్టాలి, తర్వాత గాని వేలు ముడవకూడదు. తట్టు ఒకటి, వేళ్లు అయిదు. కొద్ది రోజులకే జవాబులు సరిపడతాయి. పెద్ద సంఖ్య నుంచి మొదలుపెట్టడం చాలామంది పిల్లలకి వెంటనే తట్టదు. 2 + 9 అని రాస్తే రెండుతోనే మొదలుపెట్టి తొమ్మిది వేళ్లు ముడుస్తారు. అట్టలో 2 పిక్కలు, ఇంకో అట్టలో 9 పెట్టి, అట్టల్ని చోటు మార్చి, మొత్తం మారలేదని చూపిస్తే సరి.

వరండాలో సంఖ్యారేఖ గీశాం. 0 నుంచి 20 దాకా, గీతకూ గీతకూ 30 సెంటీమీటర్లు, మొత్తం 6 మీటర్లు. సుద్దతో గీస్తే మధ్యాహ్నానికి చెరిగిపోతుంది, పెయింటే వేయాలి. ఇక్కడా అదే ఒకటి తక్కువ తప్పు: 4 మీద నిలబడి 3 కలపమంటే నిలబడ్డ గీతని "ఒకటి" అని 6 మీద ఆగుతారు. లెక్కపెట్టేది గెంతుని, గీతని కాదు. గెంతు నేలకు తగిలినప్పుడు తరగతంతా చప్పట్లు కొడితే సర్దుకుంటుంది.

సెప్టెంబరు: పది దాటడం

కిట్టులో ముఖ్యమైన నెల. 8 + 5. ఒక అట్టలో 8 పిక్కలు, రెండో అట్టలో 5. మొదటి అట్టలో ఖాళీలు రెండు. రెండో అట్ట నుంచి రెండు తెచ్చి నింపాలి. ఇప్పుడు ఒక అట్ట నిండు, ఇంకోదానిలో 3. పదీ మూడూ పదమూడు. చేతితో చేస్తున్నంతసేపూ నోటితో కూడా చెప్పించాలి: "ఎనిమిదికి రెండు పోస్తే పది, అయిదులో మిగిలింది మూడు, పదమూడు."

ఇందులో పిల్లలు మూడు పనులు ఒకేసారి చేయాలి: ఎనిమిది పదికి ఎంత తక్కువో తెలియాలి, అయిదుని రెండూ మూడూగా విడగొట్టాలి, పదికి మూడు కలిపితే ఎంతో తెలియాలి. ఎక్కడ తడబడుతున్నారో చూసి ఆ ముక్కే మళ్లీ చేయించాలి. ఎక్కువగా తడబడేది రెండో చోట: నింపడానికి రెండు తెచ్చాక కూడా అయిదు అలాగే ఉందనుకుని "పదిహేను" అంటారు. అట్టలో చూస్తే మూడే ఉంటాయి, నోట అయిదు వస్తుంది. అలాంటప్పుడు రెండో అట్టలో పిక్కలు ముందే పెట్టకూడదు. అయిదు పిక్కలూ అరచేతిలో ఉంచుకుని, అందులోంచి రెండు మొదటి అట్టలో వేసి, చేయి తెరిచి చూడమనాలి.

మూడో చోట చిక్కు పేర్లలో ఉంది. పదమూడు, పద్నాలుగు, పదిహేను అంటే పది వినబడుతుంది. పదకొండులో ఒకటి వినబడదు, పన్నెండులో పది సరిగ్గా వినబడదు. అందుకని ఒక వారం "పదీ ఒకటి పదకొండు, పదీ రెండు పన్నెండు" అని జంటగా పలికించాం. ఇరవై దాటాక మళ్లీ ఇబ్బంది లేదు.

గోడ మీద పట్టిక పెట్టే ముందు ఎన్ని కూడికలు నేర్పాలో లెక్కగట్టాం. 0 నుంచి 9 దాకా జతలు 100. అటూ ఇటూ తిరగేసినా ఒకటే కాబట్టి 55. సున్నా కలిపేవి 10, ఒకటి కలిపేవి 9 తీసేస్తే 36. వీటిలో పది దాటేవి 20 మాత్రమే. ఆ ఇరవైలో నాలుగు కవలలు: 6 + 6, 7 + 7, 8 + 8, 9 + 9. కవలలు పిల్లలకు త్వరగా నోటికొస్తాయి, కారణం అడిగితే ఎవరూ చెప్పలేరు గానీ ఏ తరగతిలోనైనా అంతే. తొమ్మిదితో వచ్చేవి ఇంకో ఏడు, 9 + 2 నుంచి 9 + 8 దాకా. తొమ్మిదికి ఒకటి పోస్తే పదే కాబట్టి ఇవీ తేలికే. కవలల పక్కవి మూడు: 5 + 6, 6 + 7, 7 + 8. ఇక మొండివి మిగిలింది ఆరు: 3 + 8, 4 + 7, 4 + 8, 5 + 7, 5 + 8, 6 + 8.

కార్డులు ఈ ఆరింటికే చేశాం, మిగతావాటికి చేయలేదు. వంద జతలకూ కార్డులు చేసి గోడంతా అంటించడం చూడ్డానికి బాగుంటుంది, పిల్లలు మాత్రం గోడ చూసి భయపడతారు. ఆరు కార్డులంటే ఎవరూ భయపడరు. కార్డు ముందు వైపు లెక్క, వెనక వైపు నిండిన అట్ట బొమ్మ. మొదట బొమ్మ వైపే చూపించి, తర్వాతే తిప్పాలి. గడియారం పెట్టి వేగం పరీక్షించడం ఈ నెలలో వద్దు. తొందరపెడితే అందరూ వేళ్ల మీదికి వెనక్కి వెళ్తారు.

అక్టోబరు, దసరా తర్వాత: పుల్లలు, ఆ తర్వాత పలక

రెండో తరగతి వాళ్లతో ముందు సంఖ్య రాయడం సరిచూశాం. "ఇరవై అయిదు" రాయమంటే కొందరు 205 రాస్తారు, వినబడినట్టే. దీనికి బాణం కార్డులు. పదుల కార్డులు 10 సెంటీమీటర్ల పొడవు, వాటి మీద 10, 20, ... 90. ఒకట్ల కార్డులు 5 సెంటీమీటర్లు. ఎత్తు రెండిటికీ 6. 20 కార్డు మీద కుడి అంచుకి 5 కార్డు పెడితే సున్నా మూసుకుపోయి 25 కనబడుతుంది. కార్డు ఎత్తితే కింద సున్నా అలాగే ఉంటుంది. రెండు కార్డుల ఎత్తు, అంకెల సైజు ఒకటే ఉండాలి. చేతిరాతలో అంకెలు పెద్దవీ చిన్నవీ అయితే ఈ కార్డులు దేనికీ పనికిరావు.

తర్వాత 27 + 15. రెండు కట్టలు, 7 పుల్లలు ఒక పక్క. ఒక కట్ట, 5 పుల్లలు ఇంకో పక్క. విడి పుల్లలు కలిపితే 12. పది తీసి సైకిలు ట్యూబు రింగు చుట్టాలి. ఇప్పుడు నాలుగు కట్టలు, రెండు పుల్లలు. రింగు పిల్లలే చుట్టాలి. టీచరు చుట్టి ఇస్తే కొత్త కట్ట ఎక్కడి నుంచి వచ్చిందో చూడరు. ఆ కట్టే తర్వాత పలక మీద "చేతిలో ఒకటి" అవుతుంది.

పుల్లలతో ప్రతి అడుగూ చేశాకే పక్కన పలక మీద రాయాలి. పుల్ల కదిలినప్పుడు అంకె కదలాలి. కట్ట కట్టగానే పదుల గడి మీద చిన్నగా 1 వేయాలి, విడిగా మిగిలిన 2 ఒకట్ల కింద రాయాలి. ముందు పుల్లలన్నీ అయిపోయి, ఆ తర్వాత లెక్కంతా రాస్తే ఆ రెండూ పిల్లల తలలో వేర్వేరు పాఠాలవుతాయి.

ఈ దశలో పలకల మీద కనబడ్డ తప్పులు, వాటి వెనక ఏముందో:

27 + 15కి 312 అని రాస్తే 12ని అలాగే కింద దింపి, పక్కన 2 + 1 = 3 రాశారు. ఒకట్ల గడిలో ఒక్క అంకే పడుతుందన్నది తెలియలేదు. పుల్లలకు వెనక్కి వెళ్లాలి.

32 అంటే కట్ట కట్టారు గానీ పక్కన పెట్టి మరిచారు. ఇది తేలికైనది, చేతిలో ఒకటిని పదుల నెత్తిన రాయడం మప్పితే పోతుంది.

51 అంటే 12లో 1 కింద రాసి 2 చేతిలో పెట్టుకున్నారు. 12లో ఏ అంకె కట్టో, ఏది పుల్లో తెలియలేదు. పైకి చిన్న పొరపాటులా కనిపించినా అన్నిటికంటే లోతైన తప్పు ఇదే. దీనికి బాణం కార్డులు, పుల్లలు రెండూ పక్కపక్కన పెట్టాలి.

15 అంటే నాలుగు అంకెలూ కలిపేశారు: 2, 7, 1, 5. సంఖ్యగా చూడటం లేదు, ఆ పిల్లలతో నిలువు లెక్క కొన్నాళ్లు ఆపేయడం మంచిది.

27 + 5కి 77 వస్తే 5ని 2 కింద రాశారు. గళ్ల నోటుబుక్కు ఇచ్చి, కుడి గడి నుంచి మొదలుపెట్టమంటే చాలు.

ఇంకొకటి ఆలస్యంగా బయటపడుతుంది. వారమంతా చేతిలో ఒకటి ఉండే లెక్కలే ఇస్తే, 23 + 14కి కూడా అలవాటుగా ఒకటి వేసి 47 రాస్తారు. రెండు రకాలూ కలిపి ఇవ్వాలి, ప్రతి లెక్కకూ ముందు "కట్ట అవుతుందా, అవదా?" అని అడగాలి. జవాబు రాసేముందు ఉజ్జాయింపు కూడా చెప్పించాలి. 27 అంటే ముప్పైకి దగ్గర, 15 కలిపితే 45కి అటూ ఇటూ. 312 రాసిన పిల్ల అప్పుడు తనే చెరిపేస్తుంది.

డబ్బుతో కూడా ఇదే పని చేయించొచ్చు, పది రూపాయల కార్డులు, రూపాయి కార్డులు అట్టతో చేసుకుని. అసలు నోట్లను కలర్ జిరాక్స్ తీయొద్దు, చట్టం ఒప్పుకోదు.

డిసెంబరు: బరాబరు గుర్తు

7 + ఖాళీ గడి = 12 అని ఇస్తే చాలామంది 19 రాశారు. 8 + 4 = ఖాళీ గడి + 5 అంటే 12. బరాబరు గుర్తంటే "జవాబు ఇక్కడ రాయి" అనుకుంటున్నారు, రెండు పక్కలా సమానమని కాదు. చొక్కాలు తగిలించే హ్యాంగరుకి రెండు పక్కలా టీ కప్పులు కట్టి తక్కెడ చేశాం. పిక్కలు ఒక్కోటి ఒక్కో బరువు కాబట్టి ఇక్కడ పనికిరావు. రూపాయి నాణేలూ వేర్వేరు సంవత్సరాలవి వేర్వేరు బరువులుంటాయి. హార్డ్‌వేరు షాపులో ఒకే సైజు ఇనప నట్లు 30 కొంటే పని జరుగుతుంది, కిట్టులో కొన్న సరుకు అదొక్కటే. ఒక కప్పులో 8, తర్వాత 4. రెండో కప్పులో 5. ఎన్ని వేస్తే కర్ర సమంగా నిలుస్తుంది? ఏడు. నట్లు కప్పు మధ్యలో పడాలి, అంచుకి పడితే కర్ర అబద్ధం చెబుతుంది.

మాటల లెక్కల్లో "మొత్తం" అంటే కూడిక, "మిగిలినవి" అంటే తీసివేత అని గుర్తుల్లా నేర్పడం మానేశాం. "రవి దగ్గర 8 జామకాయలున్నాయి. లత దగ్గర ఉన్నవాటికంటే అవి 3 ఎక్కువ. లత దగ్గరెన్ని?" ఇందులో "ఎక్కువ" ఉంది కాబట్టి 11 అంటారు. పిక్కలు ఎదురెదురుగా రెండు వరసలు పేర్పిస్తే 5 కళ్లకు కనబడుతుంది.

కిట్టు సర్దడం: సెట్టుకో గుడ్డ సంచి, లోపల 40 పిక్కలు, నాలుగు అట్ట ముక్కలు, కట్టలు, విడి పుల్లలు. సంచి మీద ఏవి ఎన్నో రాసి ఉండాలి. తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ పిల్లలే లెక్కపెట్టుకోవాలి, పదేసి చొప్పున. సంచిలో రెండు ఎండు వేపాకు రెమ్మలు వేస్తే పురుగు తక్కువ. జనవరిలో తీసివేతకు ఇవే అట్టలు, ఇవే పుల్లలు. కట్ట విప్పడం ఒక్కటే కొత్త.